పచ్చ సముద్రంలో నల్ల మచ్చ

అమెరికా నడిబొడ్డున వందల మైళ్ల మేర రెండే పంటలు... మొక్కజొన్న, సోయాచిక్కుడు. చూసేవాళ్లకి అది పచ్చటి సముద్రం. పండించేవాళ్లకి మాత్రం కంటికి కనపడని బూజుతో ఏటా జరిగే యుద్ధం. చికాగో నుంచి డెమాయిన్ దాకా ఆ యుద్ధభూమి మీదుగా ఓ ప్రయాణం.

అమెరికా అనగానే మనకి న్యూయార్క్ ఆకాశహర్మ్యాలో, కాలిఫోర్నియా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో గుర్తొస్తాయి. ఆ రెండిటికీ మధ్య, విమానం కిటికీలోంచి కిందికి చూస్తే కనిపించే అమెరికా వేరు. చదరంగం బల్ల పరిచినట్టు చదరాలు చదరాలుగా పొలాలు... వాటి మధ్య గీత గీసినట్టు రోడ్లు... ఒక చదరంలో మొక్కజొన్న ఉంటే పక్క చదరంలో సోయా. ఒహాయో నుంచి నెబ్రాస్కా దాకా ఇదే దృశ్యం. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు 'కార్న్ బెల్ట్'. మన మాటల్లో చెప్పాలంటే మొక్కజొన్న సీమ.

జులై, ఆగస్టు నెలల్లో ఈ సీమలో కారేసుకుని వెళ్తే గంటల తరబడి రోడ్డుకి రెండువైపులా మనిషికన్నా ఎత్తయిన పైరే. చూసి మురిసిపోవాల్సిందే! అక్కడి రైతులు మాత్రం ఆ నెలల్లో పైరుని దూరం నుంచి చూసి మురిసిపోరు. పొలంలోకి దిగి, కంకి పక్కనున్న ఆకుని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తారు. దానిమీద మచ్చ ఉందా, లేదా? ఉంటే ఏ రంగుది? ఆ ఏడాది అప్పు తీరుతుందా లేదా అన్నది చాలాసార్లు ఆ మచ్చే చెబుతుంది.

చికాగోలో ధాన్యలక్ష్మి

ప్రయాణం చికాగోలో మొదలుపెట్టడమే సబబు. నగరం నడిమధ్యన బోర్డ్ ఆఫ్ ట్రేడ్ భవనం ఉంది. దాని శిఖరం మీద రోమన్లు ధాన్యదేవతగా కొలిచే సెరిస్ విగ్రహం. మన ధాన్యలక్ష్మి లాంటిదన్నమాట. 1848లో పుట్టిన ఈ సంస్థ గోధుమలు, మొక్కజొన్న, సోయా ధరలను ప్రపంచానికి చెబుతూ వచ్చింది. ఒకప్పుడు వ్యాపారుల కేకలతో, చేతి సైగలతో హోరెత్తిన హాలు ఇప్పుడు నిశ్శబ్దం. కొనుగోళ్లన్నీ కంప్యూటర్లలోకి వెళ్లిపోయాయి. అయినా చికాగో ధర అంటే ఇప్పటికీ చికాగో ధరే.

పొలంలో ఆకు మీద మచ్చకీ, ఈ మహానగరంలోని ధరకీ సంబంధం ఏమిటనుకుంటున్నారా? ఉంది. అమెరికాలో మొక్కజొన్న వేసేది ఏటా 9 కోట్ల ఎకరాలకు అటూ ఇటూగా. సోయా మరో 8 కోట్ల ఎకరాల పైమాటే. ఆ పంటలో చాలాభాగం మనుషులు నేరుగా తినేది కాదు. మనం బొగ్గుల మీద కాల్చుకుని నిమ్మకాయ రుద్దుకునే పొత్తులు అసలే కాదు. పశువులకీ కోళ్లకీ పందులకీ దాణాగా, కార్లలో పోసే ఇథనాల్‌గా, నూనెగా మారిపోయే గింజలవి. కాబట్టి అక్కడ పంటకి తెగులొస్తే ఆ వేడి కోడిగుడ్డు నుంచి పెట్రోలు బంకు దాకా తగులుతుంది.

నీడ పడకూడదని...

చికాగో నుంచి దక్షిణంగా సుమారు 220 కిలోమీటర్లు వెళ్తే అర్బానా-షాంపేన్ అనే జంట ఊళ్లు వస్తాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఉన్నది ఇక్కడే. పెద్ద పెద్ద భవనాల మధ్య ఉన్నట్టుండి ఓ చిన్న మొక్కజొన్న చేను కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేంటని నోరెళ్లబెడతారు. అది మారో ప్లాట్స్. అమెరికాలోకెల్లా పాత ప్రయోగక్షేత్రం. 1876 నుంచి ఇక్కడ సేద్యం ఆగలేదు. 1968లో దీన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు. పక్కనే గ్రంథాలయం కట్టాల్సి వచ్చినప్పుడు దాని నీడ పైరు మీద పడకూడదని భవనాన్ని నేలలోపల కట్టారు. చదువులమ్మ గుడికన్నా చేనికి ఎక్కువ మర్యాద దక్కిన చోటు ప్రపంచంలో మరొకటి ఉందో లేదో!

ఇక్కడ ఓ మడిలో ఏటా మొక్కజొన్నే వేస్తారు. ఇంకోదాంట్లో ఓ ఏడాది మొక్కజొన్న, మరో ఏడాది సోయా. పంట మార్చిన మడిలో దిగుబడి ఎక్కువని నూరేళ్ల పైబడిన లెక్కలు చెబుతున్నాయి. దానికి నేల సారం ఒక కారణమైతే, ఒకే పంటని నమ్ముకుని నేలలో, చొప్పలో తిష్ఠవేసే చీడపీడలు మరో కారణం.

తెగుళ్ల శాస్త్రం చదివే పిల్లలకి మొదటిరోజు బల్లమీద ఓ త్రిభుజం గీసి చూపిస్తారు. మన పల్లెల్లోని మూడురాళ్ల పొయ్యిని తలచుకుంటే ఆ పాఠం ఇట్టే అర్థమవుతుంది. మొదటి రాయి పంట... అది ఆ తెగులుకి లొంగే రకమై ఉండాలి. రెండో రాయి శిలీంధ్రం... అంటే బూజు జాతి. దాని విత్తనాల్లాంటి సిద్ధబీజాలు పొలంలోనో గాల్లోనో ఉండాలి. మూడోది వాతావరణం... ఆకు గంటల తరబడి తడిగా ఉండి, ఎండ ఆ బూజుకి సరిపడినంతే ఉండాలి. మూడు రాళ్లూ దగ్గర చేరితేనే తెగులనే కుండ నిలబడుతుంది. ఒక్క రాయి లాగేసినా ఒరిగిపోతుంది. వానని ఆపడం మన చేతిలో లేదు, గాలిలో వచ్చే బూజునీ ఆపలేం. మరి రైతు చేతిలో ఉన్న రాయి ఏది? ఏ విత్తనం వేయాలన్నదే. సరిగ్గా ఆ రాయి దగ్గరే ఈ సీమ ఒకసారి ఘోరంగా దెబ్బతింది.

ఒకే తల్లి పోలిక

అర్బానా నుంచి వాయవ్యంగా మూడు గంటలు ప్రయాణిస్తే మిసిసిపీ నది. వంతెన దాటితే అయోవా రాష్ట్రం. కాసేపట్లోనే వాల్కాట్ దగ్గర 'ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రక్‌స్టాప్' పలకరిస్తుంది. లారీ డ్రైవర్లు స్నానం చేసి, క్షవరం చేయించుకుని, పంటి డాక్టర్ని కూడా చూసుకుని వెళ్లగలిగే చోటది. అక్కడి నుంచి మళ్లీ పైరే పైరు. అయోవా విస్తీర్ణంలో తెలంగాణకన్నా పెద్దది, ఆంధ్రప్రదేశ్‌కన్నా కాస్త చిన్నది. జనం మాత్రం 32 లక్షలే. సుమారు కోటీ 30 లక్షల ఎకరాల్లో మొక్కజొన్న, కోటి ఎకరాలకు అటూ ఇటూగా సోయా. మనుషులకన్నా మొక్కలదే రాజ్యం.

మొక్కజొన్న 'జులై నాలుగు నాటికి మోకాలెత్తు' ఉండాలన్నది ఇక్కడి పాత సామెత. హైబ్రిడ్ విత్తనాలొచ్చాక ఆ సామెత పాతబడింది. ఇప్పుడు ఆ తేదీకి పైరు తలని దాటేస్తోంది. ఆ హైబ్రిడ్ విత్తనాన్ని రైతుల ఇళ్లకి చేర్చినవారిలో ముఖ్యుడు అయోవా బిడ్డే. పేరు హెన్రీ వాలెస్. 1926లో విత్తనాల కంపెనీ పెట్టాడు. తర్వాత అమెరికా వ్యవసాయమంత్రి, 1941 నుంచి 1945 దాకా ఉపాధ్యక్షుడు కూడా అయ్యాడు.

హైబ్రిడ్ విత్తనం తయారీలో ఓ చాకిరీ ఉంది. మొక్కజొన్నకి నెత్తిన మగపూత, నడుం దగ్గర ఆడపూత. రెండు రకాలను సంకరం చేయాలంటే తల్లి వరసల్లోని మొక్కలకి మగపూతని పీకేయాలి. లేకపోతే దాని పుప్పొడి దానిమీదే పడుతుంది. వేసవి సెలవుల్లో బడిపిల్లలు వేలమంది పొద్దున్నే మంచుకి తడుస్తూ, ఆకుల అంచులకి చేతులు కోసుకుంటూ ఆ పని చేసేవారు. ఇప్పటికీ చేస్తున్నారు. అయోవాలో చాలామంది తాతల, తండ్రుల మొదటి సంపాదన అదే.

1950ల్లో ఓ సుఖమైన దారి దొరికింది. టెక్సస్‌లో కనిపెట్టిన ఓ రకం మొక్కజొన్నకి మగపూత వచ్చేది, అందులో పనికొచ్చే పుప్పొడి ఉండేది కాదు. తల్లి నుంచి మాత్రమే సంక్రమించే లక్షణమది. దాన్ని తల్లిమొక్కగా వాడుకుంటే పూత పీకే పనే ఉండదు! కంపెనీలన్నీ అటే వెళ్లాయి. 1970 నాటికి అమెరికాలో వేసిన మొక్కజొన్నలో దాదాపు 85 శాతం ఆ టెక్సస్ తల్లి సంతానమే. కంపెనీలు వేరు, పేర్లు వేరు, సంచుల మీద బొమ్మలు వేరు. తల్లి పోలిక మాత్రం ఒక్కటే.

ఆ తల్లికో బలహీనత ఉందని ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలు 1961లోనే రాశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1970 మొదట్లో ఫ్లోరిడాలో ఓ ఆకుమాడు తెగులు కనిపించింది. పాత శిలీంధ్రమే, కొత్త అవతారం. అది చిమ్మే విషం సరిగ్గా ఆ టెక్సస్ తల్లి నుంచి వచ్చిన మొక్కల మీదే పనిచేస్తుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాని చిల్లులు పొడుస్తుంది. ఆ వేసవి వానలు కలిసొచ్చాయి. గాలివాటున ఉత్తరానికి ఎగబాకి, కొన్ని నెలల్లోనే మొక్కజొన్న సీమని చుట్టుముట్టింది. ఆకులు మాడాయి, కాండాలు విరిగాయి, కంకుల్లో గింజలు నల్లబడ్డాయి. దక్షిణాదిన కొన్ని చేలల్లో గింజ కూడా దక్కలేదు. దేశం మొత్తంమీద పంటలో సుమారు 15 శాతం పోయింది. అప్పటి లెక్కలో నష్టం వంద కోట్ల డాలర్లు.

ఆ చలికాలం విత్తన కంపెనీలకి నిద్రలేదు. వెచ్చని ప్రాంతాలకు పాతరకం విత్తనాన్ని పట్టుకెళ్లి ఆగమేఘాల మీద పెంచారు. పిల్లలు మళ్లీ పూత పీకడానికి పొలాల్లోకి వచ్చారు. ఆ తెగులు తోకముడిచింది. 1972లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ నివేదిక ఈ అనుభవాన్ని వివరంగా చర్చించి, పంటలన్నీ ఒకే పోలికతో ఉండటమే అసలు ముప్పని హెచ్చరించింది. వానా, గాలీ, బూజూ ఎప్పుడూ ఉన్నవే. మొదటి రాయిని కోట్ల ఎకరాల్లో పేర్చిపెట్టింది మాత్రం మనుషులే.

తారు చల్లినట్టు...

ఇప్పుడు ఈ సీమని భయపెడుతున్నది మరో మచ్చ. పేరు 'టార్ స్పాట్'. ఆకు మీద తారు చుక్కలు చల్లినట్టు నల్లగా, నిగనిగలాడుతూ, వేలితో తడిమితే కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. గోటితో గీకినా రావు. మెక్సికోలో 1904 నుంచీ తెలిసిన తెగులే. అక్కడి చల్లటి కొండప్రాంతాలకే పరిమితమనుకున్నారు. 2015లో ఉన్నట్టుండి ఇల్లినాయ్, ఇండియానాల్లో బయటపడింది. ఎలా వచ్చిందో ఎవరూ తేల్చలేదు. మూడేళ్లు చాపకింద నీరులా ఉండి, 2018లో విరుచుకుపడింది. తీవ్రంగా సోకిన చోట ఎకరాకి 20 నుంచి 60 బుషెళ్ల దాకా నష్టం. మన లెక్కలో 5 నుంచి 15 క్వింటాళ్లు! 2021లో మళ్లీ దాడి. ఏటా కొత్త జిల్లాలకు పాకుతూ కెనడాలోనూ అడుగుపెట్టింది.

దీని పద్ధతే వేరు. మండే ఎండలు దానికి పడవు. పగలూ రాత్రీ చల్లగా ఉండి, ఆకు రోజూ ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే చాలు. సోకిన తర్వాత రెండు మూడు వారాల దాకా మచ్చ పైకి కనిపించదు. కనిపించేసరికి లోపల పని సగం అయిపోయి ఉంటుంది. చలికాలంలో మంచు కింద ఎండుచొప్పలోనే బతికి, వేసవి రాగానే మళ్లీ లేస్తుంది.

'అయితే ఆ చొప్పని దున్నేస్తే పోలా?' అనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కు. 1930ల్లో ఎడాపెడా దున్నిన నేలల్లోంచి మట్టి గాలికి లేచి, పట్టపగలు చీకట్లు కమ్మి, లక్షలమంది ఊళ్లొదిలి వెళ్లిపోయిన చరిత్ర పక్క రాష్ట్రాలది. ఆ దెబ్బతో దుక్కి తగ్గించి, చొప్పని నేలమీదే కప్పుగా వదిలేయడం క్రమంగా అలవాటు చేసుకున్నారు. మట్టి నిలిచింది. దాంతోపాటే ఆకుల మీద బూడిదరంగు గీతల్లా వచ్చే మచ్చ తెగులు కూడా 1970ల తర్వాత పెరిగింది. మట్టిని కాపాడుకుంటే బూజుకి గూడు దొరుకుతోంది. గూడు చెరిపితే మట్టి పోతోంది. రెండూ తెలిసిన రైతు రెండిటికీ మధ్య దారి వెతుక్కుంటున్నాడు. టార్ స్పాట్ గాలిలోనూ వస్తుంది కాబట్టి ఒక్క చేను దున్నినా పెద్దగా లాభం లేదని శాస్త్రవేత్తల మాట.

తుపాను మోసుకొచ్చిన తుప్పు

మొక్కజొన్న కథ ఇలా ఉంటే పక్క చదరంలోని సోయాది ఇంకో కథ. ఆసియాలో పుట్టిన సోయాకి ఆసియా శత్రువే తుప్పు తెగులు. ఆకు అడుగున గోధుమరంగు పొక్కులు లేచి, చూస్తుండగానే ఆకులన్నీ రాలిపోతాయి. 1902లో జపాన్‌లో గుర్తించిన ఈ తెగులు నూరేళ్లలో ఆఫ్రికా మీదుగా దక్షిణ అమెరికా చేరింది. 2001 నుంచి బ్రెజిల్ రైతుల్ని కుదిపేసింది. ఎంతలా అంటే, అక్కడి ముఖ్య రాష్ట్రాల్లో ఏటా రెండు మూడు నెలలపాటు పొలంలో పచ్చటి సోయా మొక్క ఒక్కటి కూడా కనిపించకూడదని చట్టం చేశారు. పచ్చటి మొక్క లేకపోతే ఆ బూజుకి బతుకు లేదు మరి.

2004 సెప్టెంబరులో ఐవన్ తుపాను అమెరికా దక్షిణ తీరాన్ని తాకింది. నవంబరులో లూసియానాలో సోయా ఆకు మీద తుప్పు కనిపించింది. దక్షిణ అమెరికా నుంచి సిద్ధబీజాలను ఆ తుపానే మోసుకొచ్చిందన్నది శాస్త్రవేత్తల అంచనా. అదృష్టం ఏమిటంటే అప్పటికి కోతలు అయిపోయాయి. అయోవా చలికి ఈ బూజు బతకదు. మరి ఎక్కడ తలదాచుకుంటుంది? 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకి జపాన్ నుంచి ముచ్చటపడి తెచ్చిన 'కుడ్జు' అనే తీగ మీద. 1930ల్లో మట్టి కోత ఆపడానికి దక్షిణాదిన దాన్ని ప్రభుత్వమే నాటించింది. ఇప్పుడది చెట్లనీ పాడుపడ్డ ఇళ్లనీ కప్పేసేంతగా అల్లుకుపోయింది. వెచ్చని తీరంలో ఏడాదంతా పచ్చగా ఉండే ఆ తీగే తుప్పుకి చలికాలపు విడిది.

1970 నేర్పిన పాఠం ఈసారి పనికొచ్చింది. 2005లో దేశమంతా వందలాది 'కాపలా మడులు' వెలిశాయి. అందరికన్నా ముందుగా సోయా వేసి, వారం వారం ఆకులు కోసి భూతద్దం కింద చూస్తారు. తుప్పు వస్తే ముందు అక్కడే కనిపిస్తుంది. ఆ కబురు పటాలతో సహా అందరికీ తెలిసిపోతుంది. పొలిమేరలో కాపలా ఉంటే ఊరు నిశ్చింతగా నిద్రపోయినట్టు, తుప్పు ఇంకా దూరంగానే ఉందని తెలిసిన రైతులు వృథాగా మందు కొట్టకుండా ఆగారు. భయపడినంత విపత్తు అయోవాకి రాలేదు. మన పొరుగున ఉత్తర కర్ణాటక, దక్షిణ మహారాష్ట్రల కృష్ణా లోయలోనూ ఈ తుప్పు పాత శత్రువే. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం దాన్ని తట్టుకునే డీఎస్‌బీ 21 రకాన్ని తయారుచేసింది.

అలాగని సోయా రైతుకి నిశ్చింత లేదు. 'సడన్ డెత్' అనే తెగులుంది. పేరుకే అకస్మాత్తు. చల్లటి తడినేలలో మొలక దశలోనే వేరులోకి చేరి, రెండు నెలలు మౌనంగా ఉండి, ఆగస్టులో ఆకుల ఈనెల మధ్య పసుపుగా పైకి తేలుతుంది. 2010లో అయోవా దీని దెబ్బ గట్టిగానే తింది. ఇక ఉత్తరాన పూతవేళ చలీ తేమా ఉంటే తెల్లబూజు. రాలిన పూరేకుల మీద మొదలై కాండాన్ని కమ్ముతుంది. ఎలుక పెంటికల్లాంటి నల్లటి గడ్డల రూపంలో నేలలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పోనీ వానలు తగ్గితే హాయి అనుకుందామా? 2012లో కరవొచ్చింది. అప్పుడు ఎండకి చెలరేగే మరో బూజు మొక్కజొన్న గింజల్లో చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని నింపింది. ఆ దాణా తిన్న ఆవుల పాలను సైతం పరీక్షించాల్సి వచ్చింది. వానొస్తే ఒక బూజు, రాకపోతే ఇంకో బూజు!

పుట్టగొడుగు ఇచ్చిన మందు

జులై చివర్లో ఈ సీమలో విమానాల రొద వినిపిస్తుంది. చేల మీద అంత ఎత్తున ఎగురుతూ, కరెంటు తీగల దగ్గర చటుక్కున పైకి లేచే చిన్న విమానాలు. ఇప్పుడు వాటికి డ్రోన్లూ తోడయ్యాయి. చల్లేది శిలీంధ్రనాశిని. 2000 తర్వాతి కొన్నేళ్ల దాకా మామూలు మొక్కజొన్నకి ఇక్కడ ఈ మందులు కొట్టే అలవాటే పెద్దగా లేదు. ధరలు పెరగడం, కంపెనీల ప్రచారం, కొత్త తెగుళ్లు... మూడూ కలిసి దాన్ని మామూలు పనిగా మార్చేశాయి.

ఈ మందుల్లో బాగా పేరున్న స్ట్రోబిలురిన్ల పుట్టుక విచిత్రం. అడవిలో ఎండిన పైన్ కాయల మీద మొలిచే ఓ చిన్న పుట్టగొడుగు, తన చోటుకి వేరే బూజులు రాకుండా ఓ రసాయనాన్ని వదులుతుంది. 1977లో జర్మనీ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. దాని నమూనాగా తయారైన మందులు 1996 నుంచి మార్కెట్లోకి వచ్చాయి. ముల్లుని ముల్లుతోనే తీసినట్టు బూజుని బూజు మందుతోనే కొట్టారన్నమాట. మరి బూజు ఊరుకుంటుందా? సోయా ఆకు మీద కప్పకన్నులా గుండ్రటి మచ్చలు వేసే శిలీంధ్రం 2010లో టెనసీలో ఈ మందుకి లొంగనని మొండికేసింది. దాని జన్యువులో ఒక్క అక్షరం మారింది, అంతే! తర్వాత ఆ మొండి రకం ఎన్నో రాష్ట్రాలకి పాకింది. ఒకే విత్తనం అన్నిచోట్లా వేస్తే ఏమైందో, ఒకే మందు అన్నిచోట్లా కొట్టినా అదే అవుతోంది.

అందుకే ఎప్పుడు కొట్టాలి, అసలు కొట్టాలా అన్నదే అసలు ప్రశ్న. మొక్కజొన్నలో మగపూత వచ్చినప్పటి నుంచి గింజ పాలుపోసుకునే దాకా ఉన్న రెండు మూడు వారాలే కీలకం. గింజకి తిండి పెట్టేది కంకి దగ్గరి ఆకూ, దానిపైని ఆకులూ. వాటిని కాపాడితే చాలు. ముందే కొడితే మందు వృథా, ఆలస్యమైతే డబ్బు వృథా. వాతావరణం లెక్కలు చూసి 'ముప్పు ఎంత' అని ఫోనులోనే చెప్పే పరికరాలు ఇప్పుడు వచ్చాయి. మందు కొట్టాల్సి వస్తే వేర్వేరుగా పనిచేసే రెండు మందులు కలిపి వాడమని విశ్వవిద్యాలయాలు చెబుతున్నాయి. గింజ ధర తగ్గి మందు ధర పెరిగిన ఏడాది ఆ నిర్ణయం మరీ కష్టం. 2025 వేసవిలో దక్షిణపు గాలులతో వచ్చిన తుప్పు తెగులు అయోవా మొక్కజొన్నని ఎరుపెక్కించినప్పుడు ఇల్లిల్లూ ఆ తర్జనభర్జనే.

ఏ మచ్చ ఎవరిది?

మచ్చని పోల్చుకోవడమే సగం వైద్యం. అక్కడి విస్తరణ అధికారులు రైతులకి చెప్పే గుర్తులివి.

మొక్కజొన్న ఆకు మీద చుట్ట ఆకారంలో పొడవాటి బూడిదరంగు మచ్చలుంటే ఉత్తరాది ఆకుమాడు తెగులు. ఈనెల మధ్య గీత గీసినట్టు సన్నటి దీర్ఘచతురస్రాలుంటే బూడిద మచ్చ. రుద్దితే వేలికి ఇటుకపొడి అంటుకుంటే తుప్పు. రుద్దినా గీకినా పోని నల్ల చుక్కలైతే టార్ స్పాట్.

సోయాలో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే, మొక్క పీకి కాండం చీల్చి చూడాలి. కాండం నడిమి బెండు తెల్లగానే ఉంటే సడన్ డెత్. కాండం మీద దూదిలాంటి తెల్లటి పొర ఉంటే తెల్లబూజు. వేరూ కాండం అడుగూ మసి పూసినట్టు బూడిదగా ఉంటే ఎండల్లో వచ్చే మసికుళ్లు.

ఈ మసికుళ్లు మనకి కొత్తేం కాదు. తెలుగునాట పూత తర్వాత నీరు చాలక మొక్కజొన్న నిలువునా ఎండిపోయి, కాండం లోపల నల్లటి పొడిలా కనిపిస్తుందే, అదీ ఇదే శిలీంధ్రం. ఉత్తరాది ఆకుమాడు కూడా మన రబీ మొక్కజొన్నకి తెలిసిన చుట్టమే. గుంటూరు, కృష్ణా డెల్టాల్లో వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న విత్తే రైతుకీ, ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డిల్లో సోయా వేసే రైతుకీ అయోవా పాఠాలు పరాయివి కావు. పూత దశలో నీటి తడి తప్పకుండా చూడటం, ఏటా అదే పంట వేయకుండా మార్చడం, తట్టుకునే రకం ఎంచుకోవడం... చెప్పుకోడానికి చిన్న విషయాలే. మూడురాళ్ల పొయ్యిలో ఒక రాయిని లాగేసేవి మాత్రం అవే.

డెమాయిన్‌లో మనవాళ్లు

అయోవా రాజధాని డెమాయిన్. నది ఒడ్డున 1903 నాటి అందమైన రాతి గ్రంథాలయ భవనం ఉంది. ఇప్పుడది ప్రపంచ ఆహార బహుమతి విజేతల మందిరం. ఆ బహుమతిని నెలకొల్పిన నార్మన్ బోర్లాగ్ 1914లో ఈ రాష్ట్రంలోని క్రెస్కో దగ్గర ఓ రైతు ఇంట్లో పుట్టాడు. హరిత విప్లవ పితామహుడిగానే ఆయన మనకి తెలుసు. నిజానికి ఆయన చదివింది మొక్కల తెగుళ్ల శాస్త్రం. మెక్సికోలో ఆయన మొదట తలపడింది గోధుమ తుప్పుతో. ఆయనకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది 1970లో. సొంత సీమలో మొక్కజొన్న మాడిపోయిన సంవత్సరమే, బూజుని ఎదిరించిన అయోవా బిడ్డని ప్రపంచం సత్కరించింది!

ఆహార బహుమతి మొదటిసారి 1987లో దక్కింది మన ఎం.ఎస్. స్వామినాథన్‌కి. 2000లో మేలురకం మాంసకృత్తులున్న మొక్కజొన్నని రూపొందించిన సురీందర్ వాసల్ మరో శాస్త్రవేత్తతో కలిసి అందుకున్నారు. 2005లో చేపల పెంపకాన్ని పేదల పెరటికి చేర్చిన బాపట్ల బిడ్డ మోదడుగు విజయ్ గుప్తాని వరించింది. అయోవా వెళ్లే తెలుగువాళ్లు తప్పక చూడాల్సిన చోటిది. 2024లో ఈ గౌరవం జెఫ్రీ హాటిన్, కేరీ ఫౌలర్‌లకి దక్కింది. వాళ్లు చేసిన పని కొత్త పంట కనిపెట్టడం కాదు, పాత విత్తనాల వైవిధ్యాన్ని పోనివ్వకుండా దాచిపెట్టడం. ఒకే తల్లి పోలికకి తలవంచి దెబ్బతిన్న సీమలో ఆ పనికి బహుమతి దక్కడం సబబుగానే ఉంది.

అక్టోబరులో కోతలవుతాయి. నవంబరుకల్లా పొలాలు బోసిపోయి, చొప్ప మీద మంచు పేరుకుంటుంది. ఆ మంచు కింద టార్ స్పాట్ నిద్రపోతుంటుంది. తుప్పు దక్షిణ తీరాన కుడ్జు తీగమీద చలి కాచుకుంటుంది. వంటింటి బల్ల దగ్గర రైతులు విత్తనాల పట్టికలు ముందేసుకుని కూర్చుంటారు. దిగుబడి ఎంత అని మాత్రమే చూసే రోజులు పోయాయి. ఏ మచ్చని ఎంత తట్టుకుంటుందో తెలిపే అంకెల్ని కూడా వేలితో వెతుకుతారు. వచ్చే వేసవి యుద్ధంలో సగం అక్కడే, ఆ బల్ల దగ్గరే తేలిపోతుంది.